నీడపట్టున పరిమళ గులాబి

పేరాల వీధులలో ఇల్లు ఇంటిని ఆనుకొని యుండును. నేతపనివారి ఇండ్లలో మగ్గమునకు చోటు పోగా మిగిలిన పెరడు తరచుగా రెండు గోడల నడుమ ఇరుకు సందే. నేల ఇసుక. అచ్చట గులాబి పెంచవలెనన్నచో కుండీయే శరణ్యము. తోపుడుబండి వానివద్ద కొన్ననాడు మొక్క నిండ పూలతో కళకళలాడును. నెల తిరుగకమునుపే ఆకు రాల్చి, సన్నని కొమ్మలు పైకి చాచి, మొగ్గ వేయుట మానును. నీరు చాలలేదని ఇంటివారు మరింత నీరు పోయుదురు. దానితో వేరు కుళ్ళి మొక్క చచ్చును. లోపము నీటిలో లేదు, వెలుతురులో ఉన్నది.

గులాబి ఎండను కోరు మొక్క. రోజుకు ఆరు గంటలసేపు సూటిగా ఎండ తగిలిన దానికి తృప్తి. నాలుగు గంటలే ఐనను, అది ఉదయపు ఎండయైనచో, కొన్ని రకములు సర్దుకొనును. అంతకంటె తగ్గినచోట గులాబిని పెట్టకుండుటే మంచిది. ఆకు వెలుతురులో చక్కెరను తయారుచేయును; ఆ చక్కెరలో కొంత రాత్రింబవళ్ళు శ్వాసక్రియకు ఖర్చగును. నీడలో రాబడి తగ్గునుగాని ఖర్చు అంతగా తగ్గదు. మిగులు ఉన్ననే పూవు. పూవులోని వాసన ద్రవ్యములు కూడ ఆ చక్కెరనుండి పుట్టినవే.

నీడలన్నియు ఒకటి కావు. చెట్టు ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకొని, వర్ణపటములో దానికి అవతలనున్న దూరపు ఎరుపు కాంతిని చాలవరకు క్రిందికి వదలును. మొక్కలోని ఫైటోక్రోము అను వర్ణకము ఈ మార్పును పసిగట్టును. పైన మరొక మొక్క కమ్ముకొన్నదని తెలిసినట్లుగా కొమ్మలు పొడుగు సాగును. గోడనీడలో వెలుతురు తగ్గునేగాని రంగుల పాలు అంతగా మారదు. ఎదుటి గోడకు సున్నము కొట్టినచో అది కొంత వెలుతురును తిప్పి మొక్కపైకి పంపును. వేపచెట్టు క్రింది కుండీకంటె తెల్లని గోడప్రక్క కుండీ మేలు.

ఏ గోడప్రక్క? ఇది పాఠశాల ఆవరణలో కఱ్ఱ పాతి తేల్చదగిన ప్రశ్న. పేరాల సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు దక్షిణ దిక్కున 50.8 డిగ్రీల ఎత్తులో నుండును. పది అడుగుల గోడ నీడ అప్పుడు ఉత్తరమునకు ఎనిమిది అడుగులకు పైగా పడును. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా 7.6 డిగ్రీలు జరుగును. ఆ గోడ నీడే దక్షిణమునకు అడుగుంబావు మాత్రమే పడును. కోస్తాలో గులాబి బాగుగా పూయునది చలికాలమున. ఇంటికి ఉత్తరపు సందులో వేసవియందు ఎండ చూచి మురిసి కుండీ పెట్టినవారికి, సరిగా పూలు రావలసిన నెలలలోనే అది నీడలో మునిగిపోవును. నేలలో నాటిన మొక్కను కదపలేము, కుండీని కదపవచ్చును. కుండీకి ఉన్న గొప్ప సుగుణము ఇదియే.

తూర్పు ఎండ మొక్కకు అన్నివిధముల మేలు. గులాబి ఆకులపై నల్లమచ్చలు పుట్టించు శిలీంధ్రము ఆకులోనికి చొచ్చుటకు ఆకు ఎడతెగక సుమారు ఏడు గంటలు తడిగా ఉండవలెను. ఉదయపు ఎండ మంచును త్వరగా ఆర్చివేయును. నీడపట్టున సాయంకాలము ఆకులపై నీరు చల్లుట తెగులును పిలిచి పీట వేయుటయే. నీరు మొదటనే పోయవలెను.

ఇక పరిమళము. గులాబి వాసన జెరానియోల్, సిట్రొనెల్లోల్, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ మొదలగు అనేక ద్రవ్యముల కలయిక. వీనిలో చివరిది నీటిలో కొంత కరుగును. పన్నీటికి ఆ వాసన వచ్చుటకు ఇది ఒక ముఖ్య కారణము. రంగు చూచి వాసన చెప్పలేము. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఘుమఘుమలాడు పాపా మెయాఁ గులాబిని, వాసన లేని రూజ్ మెయాఁ గులాబిని పోల్చి చూచిరి. రెండును ఎఱ్ఱనివే. జెరానియోల్ తయారీలో తోడ్పడు ఒక ఎంజైము జన్యువు మొదటిదాని రేకులలో చురుకుగా పనిచేయుచుండగా రెండవదానిలో దాదాపు నిద్రించుచున్నదని తేలెను. ఐనను, 1963లో వెలువడిన ఆ పాపా మెయాఁ పేరాల సందుకు తగినది కాదు. అది బూడిద తెగులుకు సులభముగా లోనగును, దట్టమైన పెద్ద పూవుకు ఎండ నిండుగా కావలెను.

నీడపట్టుకు రేకులు మరీ దట్టముగా లేక, చిన్న పూలను మాటిమాటికి పూయు రకములను ఏరుకొనవలెను. దండలకు వాడు ఎడ్వర్డ్ గులాబి వానిలో ముందుండును. దీని వంశము హిందూమహాసముద్రములోని బూర్బాఁ దీవిది. నేటి పేరు రెయూనియన్. అక్కడ చైనా గులాబికి, డమాస్కస్ గులాబికి సంపర్కము కలిగి ఇది పుట్టినదందురు. వాసన డమాస్కస్‌ది, పలుమార్లు పూయు గుణము చైనాది. ఇతర గులాబులను అంటు కట్టుటకు మనదేశమున దీని వేరునే వాడుదురు. కొమ్మ ముక్క నాటినను బ్రతుకును. 1897 నాటి గ్రూస్ ఆన్ టెప్లిట్స్ కూడ ఎఱ్ఱని, సువాసనగల, మొండి మొక్క. 1958 నాటి తెల్లని ఐస్‌బర్గ్ కొంచెము నీడను ఓర్చును, వాసన మాత్రము స్వల్పము. పరిమళమే కావలెనన్నవారు దానిని విడిచిపెట్టవచ్చును.

కుండీ పండ్రెండు అంగుళములకు తక్కువ లోతు ఉండరాదు. అడుగున రంధ్రము తప్పనిసరి. పేరాల ఇసుక నీటిని నిలుపదు, ఎరువును నిలుపదు. చెరువుమట్టియో ఎఱ్ఱమట్టియో తెచ్చి, బాగుగా చివికిన పశువుల ఎరువును, కొంత ఇసుకను కలుపవలెను. నీడలో మట్టి ఆలస్యముగా ఆరును; వ్రేలు అంగుళము గ్రుచ్చి పొడిగా తగిలినప్పుడే నీరు.

ఆ నీరు ఏది అనుట ఈ తీరమున చిన్న విషయము కాదు. బాపట్ల, చీరాల ఇసుక దిబ్బలలో వాననీరు ఇంకి, తేలిక గనుక క్రింది ఉప్పునీటిపై పొరగా నిలుచును. రైతులు లోతులేని దొరువులు త్రవ్వి ఆ పైపొర నీటినే కడవలతో తోడి తోటలకు పోయుచుండిరి. లోతు బోరునుండి అతిగా తోడినచో ఉప్పునీరు పైకి ఎగబ్రాకును. గులాబి ఉప్పును ఓర్వదు. కుండీలో నీరు ఆవిరైపోగా ఉప్పు మిగిలి పేరుకొనును. ఆకుల అంచులు మాడును. అట్టి గుర్తు కనిపించినప్పుడు వాననీటినో దొరువునీటినో అడుగు రంధ్రమునుండి ధారగా కారునంతవరకు పోసి, మట్టిని కడిగి, ఆరనీయవలెను.