సైట్ ఉన్నవాళ్లు స్కూబా డైవింగ్ చేయొచ్చా? కళ్లద్దాలకు బదులు ఏం వాడాలి?

విశాఖ రుషికొండలోనో, అండమాన్‌లోనో, ఉద్యోగం చేస్తున్న జెద్దా దగ్గర ఎర్రసముద్రంలోనో ఒక్కసారైనా స్కూబా డైవింగ్ చేయాలని చాలామందికి ఉంటుంది. మైనస్ పవర్ ఉన్నవాళ్లకు మాత్రం ఒక డౌట్ వదలదు. కళ్లద్దాలు తీసేస్తే నీళ్లలో ఏం కనిపిస్తుంది? పెట్టుకునే దిగొచ్చా?

కళ్లద్దాలతో దిగడం కుదరదు. డైవింగ్ మాస్క్ చుట్టూ ఉండే సిలికాన్ అంచు ముఖానికి అతుక్కుంటేనే నీళ్లు లోపలికి రావు. కళ్లద్దాల కాడలు అడ్డొస్తే ఆ పట్టు పోతుంది. హిజాబ్ బట్ట అంచు, మీసం, వెంట్రుకలు మధ్యలో ఇరుక్కున్నా నీళ్లు కారతాయి.

పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ కూడా పనికిరావు. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. మాస్క్‌లో ముక్కు కూడా లోపలే ఉంటుంది కాబట్టి ముక్కుతో కొంచెం గాలి వదిలి ఒత్తిడి సరిచేసుకోవచ్చు. గాగుల్స్‌తో ఆ వీలు లేదు, కళ్ల చుట్టూ రక్తనాళాలు చిట్లే ప్రమాదం ఉంది.

పవర్ తక్కువైతే?

నీళ్లలో మాస్క్ గుండా చూస్తే వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. అందుకే మైనస్ 1 లాంటి చిన్న పవర్ ఉన్నవాళ్లు చాలామంది ఏమీ లేకుండానే సర్దుకుపోతారు. పవర్ ఎక్కువైతే కష్టం. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్‌ని దగ్గరికి తెచ్చుకుని చదవొచ్చు. కానీ నాలుగైదు మీటర్ల దూరం నుంచి గైడ్ చేసే సైగ కనిపించకపోతే? పైకొచ్చాక బోటు ఎటుందో తెలియకపోతే? ఇది చేపలు చూసే సరదా విషయం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

1. పవర్ మాస్క్

ఎక్కువమందికి ఇదే మంచి దారి. రెండు అద్దాలు విడివిడిగా ఉండే కొన్ని మాస్క్‌లలో మామూలు అద్దం తీసి పవర్ అద్దం బిగించుకోవచ్చు. ఇవి సాధారణంగా అర పాయింట్ తేడాతో రెడీమేడ్‌గా దొరుకుతాయి. రెండు కళ్లకు వేర్వేరు పవర్ ఉన్నా ఇబ్బంది లేదు. సిలిండర్ పవర్ ఎక్కువ ఉంటే మాత్రం ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. నలభై దాటి దగ్గరి చూపు కూడా తగ్గినవాళ్లు అద్దం కింది భాగంలో రీడింగ్ పవర్ పెట్టించుకోవచ్చు. అన్ని డైవింగ్ సెంటర్లలో పవర్ మాస్క్‌లు ఉండవు, బుక్ చేసేటప్పుడే అడగాలి.

2. కాంటాక్ట్ లెన్స్

లెన్స్‌తో నీళ్లలోకి దిగొద్దనే కంటి డాక్టర్లు చెబుతారు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కింద చేరితే కార్నియా దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉంది. తప్పనిసరైతే డాక్టర్‌ని అడిగి, ఒక్కరోజు వాడి పారేసే సాఫ్ట్ లెన్స్ పెట్టుకోవాలి. మాస్క్‌లోకి నీళ్లొస్తే కళ్లు గట్టిగా మూసుకోవాలి. బయటికి రాగానే లెన్స్ తీసి పారేయాలి. గాలి చొరబడని పాతరకం హార్డ్ లెన్స్ అసలు వద్దు. పైకి వచ్చేటప్పుడు దాని కింద గాలి బుడగలు చేరి నొప్పి, మసక రావొచ్చు.

3. లేసిక్ ఆపరేషన్

ఇది 18 ఏళ్లు దాటి, పవర్ మారకుండా నిలకడగా ఉన్నవాళ్లకే. ఆపరేషన్ తర్వాత కనీసం ఒక నెల ఆగాలి, సర్జన్ సరే అన్నాకే డైవింగ్‌కు వెళ్లాలి. సెలవులకు వారం ముందు చేయించుకుని సముద్రంలో దిగుదామంటే కుదరదు.

మైనస్ 6 దాటినవాళ్లు వెళ్లేముందు రెటీనా పరీక్ష చేయించుకోవడం మంచిది. పవర్ ఎక్కువున్న కళ్లలో రెటీనా పలచబడే అవకాశం ఉంటుంది, లేసిక్ చేయించుకున్నా ఆ రిస్క్ పోదు. డైవింగ్ తర్వాత కంట్లో మెరుపులు, నల్లచుక్కలు కనిపించినా, ఎర్రబడి నొప్పి పెట్టినా ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.