పికప్ స్టాక్ టైర్లు మన చలికాలానికి సరిపోతాయా? లెక్కలేసి చూద్దాం

స్టాక్ ఆండ్రాయిడ్ అంటే మనందరికీ తెలుసు. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే, పైన ఏ హంగూ లేకుండా ఉండేది. స్టాక్ టైర్ కూడా అంతే. షోరూమ్ నుంచి బండి బయటికి వచ్చినప్పుడు దానికి ఉన్న టైరే స్టాక్ టైర్.

ఫోన్ల గురించి చదివే చోట టైర్ల గోలేంటి అనుకోకండి. డిసెంబర్‌లో చొప్పదండి నుంచి కరీంనగర్ రోడ్డు మీద తెల్లారకముందే కూరగాయలు, పాల క్యాన్లు వేసుకుని పికప్‌లు పోతుంటాయి. చాలా ఇళ్లలో ఆ స్టీరింగ్ పట్టుకునేది మన వయసు వాళ్లే. విదేశాల వింటర్ టైర్ వీడియోలు చూశాక "మనకూ అవి కావాలా?" అనే డౌట్ రావడం సహజం. ఒక్క మాటలో చెప్పాలంటే అక్కర్లేదు. కానీ స్టాక్ టైర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి కూడా లేదు. ఎందుకో చూద్దాం.

రబ్బరు సంగతి: 7 డిగ్రీల గీత

చలి పెరిగే కొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు రోడ్డు మీది సన్నటి గరుకును పట్టుకోలేదు, అంటే గ్రిప్ తగ్గుతుంది. మామూలు టైర్ల విషయంలో టైర్ కంపెనీలు చెప్పే గుర్తు సుమారు 7 డిగ్రీలు. అంతకంటే కిందకు పోతే వింటర్ టైర్ రబ్బరు మెరుగు. దాని మిశ్రమం చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు.

చొప్పదండిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఎక్కువ రోజులు 10 డిగ్రీల పైనే ఉంటుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కొన్ని రాత్రులు 10 లోపలికి, అప్పుడప్పుడు 5, 6 దాకా పడిపోతుంది. కానీ ఎండ ఎక్కగానే రోడ్డు వేడెక్కుతుంది. ఆ కొద్ది గంటల కోసం వింటర్ టైర్ వేస్తే, మే నెలలో 44 డిగ్రీల తారు మీద ఆ మెత్తటి రబ్బరు తొందరగా అరిగిపోతుంది. కాబట్టి రబ్బరు విషయంలో స్టాక్ టైర్ పాస్.

గాలి సంగతి: అసలు సమస్య ఇక్కడ

ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నాం: ఘనపరిమాణం మారకపోతే, ఉష్ణోగ్రత తగ్గితే వాయువు పీడనం తగ్గుతుంది. టైర్ లోపల జరిగేది అదే. "10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే 1 పీఎస్ఐ తగ్గుతుంది" అనే మాట ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. అది 30, 35 పీఎస్ఐ ఉండే కారు టైర్ల లెక్క. సరుకు మోసే పికప్ వెనక టైర్లలో గాలి అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది, కాబట్టి తగ్గేదీ ఎక్కువే.

ఉదాహరణకి 65 పీఎస్ఐ తీసుకుందాం. ఇలా మారుతుంది:

- మధ్యాహ్నం 32 డిగ్రీల్లో, నీడలో నిలబడి ఉన్న బండికి 65 కొట్టించారు. తెల్లారి 10 డిగ్రీల్లో అది సుమారు 59 అవుతుంది.
- లోడ్‌తో తిరిగొచ్చి, టైర్ లోపలి గాలి 50 డిగ్రీల దాకా వేడెక్కి ఉన్నప్పుడు 65 కొట్టించారు. తెల్లారి అది సుమారు 55.

రెండో కేసులో 10 పీఎస్ఐ పోయింది. ఎక్కడా పంక్చర్ లేదు, వాల్వ్ లీకూ లేదు. గాలి తక్కువున్న టైర్ మీద వడ్ల బస్తాలు వేస్తే దాని పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతాయి. ఆ వంగడం వల్ల లోపల వేడి పుడుతుంది. దాంతో టైర్ పొరలు విడిపోవచ్చు, ఒక్కోసారి పేలిపోవచ్చు. "చలికాలం కదా, టైర్ పేలదు" అనే ధీమా అందుకే తప్పు. నైట్రోజన్ కొట్టించినా ఈ లెక్క మారదు, దానికీ అదే సూత్రం.

ఖాళీ ట్రాలీ, తడి రోడ్డు

మన పికప్‌లలో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవే. లోడ్ దించాక వెనక భాగం తేలికైపోతుంది. బరువు కోసం కట్టిన పట్టీల సస్పెన్షన్ గుంతల మీద ఎగిరిపడుతుంది. లోడ్ కోసం నింపిన గాలి అలాగే ఉంటే టైర్ రోడ్డుని తాకే భాగం ఇంకా తగ్గుతుంది. పైగా సరుకు బండి టైర్లలో రబ్బరును ముందు బరువు మోయడానికి, ఎక్కువ కాలం మన్నడానికి తయారు చేస్తారు. తడి రోడ్డు మీద పట్టు అంత గొప్పగా ఉండదు.

వాన పడితే రోడ్డు కొంతైనా కడుక్కుపోతుంది. మంచు మాత్రం వారాల తరబడి పేరుకున్న దుమ్ము, ఆయిల్ మీద పల్చగా పడి జారుడు పూతలా తయారవుతుంది. కోతలయ్యాక ట్రాక్టర్లు తెచ్చే పొలం మట్టి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు వీటికి అదనం. టైర్ కింద వడ్ల గింజలు బేరింగ్ గోళీల్లా పని చేస్తాయి. ఆ రెండూ కనబడితే బ్రేక్ ముందే వదలండి, స్టీరింగ్ తిప్పకండి, నెమ్మదిగా దాటండి.

పొగమంచులో బ్రేక్ లెక్క

గంటకు 60 కి.మీ. వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని చూసి కాలు బ్రేక్ మీదకి పోవడానికి ఒక సెకను అనుకుందాం. ఆ తర్వాత ఫిజిక్స్ పుస్తకంలోని ఘర్షణ లెక్కతో అంచనా వేస్తే ఆగే దూరం ఇదీ:

- పొడి తారు రోడ్డు: సుమారు 37 మీటర్లు
- తడిసిన, దుమ్ము పట్టిన రోడ్డు: సుమారు 52 మీటర్లు
- గట్టిపడిన స్నో: సుమారు 88 మీటర్లు
- ఐస్: 150 మీటర్ల పైనే

చెరువులు, కాలువల పక్కన పొగమంచు దట్టంగా ఉన్నప్పుడు 50 మీటర్ల అవతల ఏముందో కనిపించదు. అక్కడ వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉందనుకోండి. 60లో వస్తే మీకు కావాల్సింది 52 మీటర్లు, ఉన్నది 50. అదే 40లో వస్తే 27 మీటర్లలో ఆగిపోతారు. ఏ టైర్ కొన్నా ఇంత తేడా రాదు. మీ కాలు కింద ఉన్న ఆ 20 కి.మీ. తేడా ఫ్రీగా వస్తుంది.

స్నో ఉన్న చోట లెక్క వేరు

మిచిగాన్‌లోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్లు పికప్ కొంటే సాధారణంగా ఆల్ సీజన్ స్టాక్ టైర్లు వస్తాయి. వాటి మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే అది ట్రెడ్ డిజైన్‌ని బట్టి వేసుకునే గుర్తు మాత్రమే. మూడు శిఖరాల కొండ మధ్యలో స్నో ఫ్లేక్ బొమ్మ ఉంటేనే స్నో మీద పరీక్ష పాసైనట్టు. ఆ పరీక్ష కూడా స్నో మీద ముందుకు లాగే పట్టు చూస్తుంది, ఐస్ మీద బ్రేకింగ్ చూడదు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని మురిసిపోవద్దు. అది కదలడానికి సాయం చేస్తుంది కానీ, ఆగడానికి కాదు.

ఏం చెక్ చేయాలి, ఏం కొనాలి

- గాలి: పొద్దున బండి తీసే ముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ఎంత ఉండాలో డోర్ దగ్గరి స్టిక్కర్ లేదా బండి మాన్యువల్ చెబుతుంది. ముందు, వెనక టైర్లకు, ఖాళీకి, లోడ్‌కి వేర్వేరు అంకెలు ఉండొచ్చు.
- ట్రెడ్: నాలుగు చక్రాల బండికి మన దేశంలో చట్టప్రకారం కనీస లోతు 1.6 మి.మీ. గాడిలో ఉండే చిన్న దిమ్మెల ఎత్తుకి ట్రెడ్ అరిగిందంటే టైర్ పని అయిపోయినట్టే.
- వయసు: పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి. 3823 అంటే 2023లో 38వ వారం తయారైంది.
- టీపీఎంఎస్: వాల్వ్ క్యాప్‌లా బిగించే సెన్సార్ల కిట్ ఈ బండ్లకు బాగా పనికొస్తుంది. కొనేముందు అది గరిష్ఠంగా ఎంత పీఎస్ఐ కొలుస్తుందో చూడండి, కార్ల కోసం చేసినవి కొన్ని పికప్ వెనక టైర్‌కి సరిపోవు. వార్నింగ్ ఏ అంకె దగ్గర రావాలో మీరే సెట్ చేసుకోండి.
- ఇన్‌ఫ్లేటర్: పోర్టబుల్ పంపుకీ అదే రూల్. బాక్స్ మీది గరిష్ఠ పీఎస్ఐతో పాటు ఆపకుండా ఎన్ని నిమిషాలు నడుస్తుందో కూడా చదవండి.

మా తీర్పు

మన చలికాలానికి మంచి కండిషన్‌లో ఉన్న స్టాక్ టైర్ సరిపోతుంది. వింటర్ టైర్ల మీద పెట్టాలనుకున్న డబ్బుతో ఒక గేజ్, ఒక టీపీఎంఎస్ కిట్ కొనుక్కోండి. ట్రాలీ వెనక్కి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు కూడా అతికించండి. పొగమంచులో మీరు ఆగగలిగితే చాలదు, మీ వెనక వచ్చేవాడికి మీరు కనిపించాలి కదా!