వెబ్ పుటలో ప్రతిపదార్థాల అమరిక: సి.ఎస్.ఎస్. పద్ధతుల పరిశీలన

పద్యకావ్యాల వ్యాఖ్యానాలలో పదం ఎడమన, అర్థం కుడిన ఎదురెదురుగా నిలవడం పాఠకులకు అలవాటైన ఏర్పాటు. అచ్చుపుటలో అక్షరం పడిన చోటనే ఉంటుంది. వెబ్ పుటను మాత్రం పాఠకుని బ్రౌజరు అప్పటికప్పుడు రూపొందిస్తుంది. ఫాంటూ వెడల్పూ అతని యంత్రాన్ని బట్టి మారుతాయి. పదాలన్నిటినీ ఒక నిలువు పెట్టెలో, అర్థాలన్నిటినీ మరొక పెట్టెలో ఉంచి పక్కపక్కన నిలిపితే సంపాదకుని తెరపై అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వేరొక తెరపై ఒక్క అర్థం రెండవ పంక్తికి జారితే చాలు, దాని కిందివన్నీ ఒక వరుస దిగిపోతాయి. విద్యార్థి ఒక పదానికి మరొక పదపు అర్థాన్ని చదువుకుంటాడు. దీనిని అలంకరణ లోపమని కాక, పాఠదోషమనే అనాలి.

ఖాళీలు చేర్చి సరిచేయబూనడం నిష్ఫలం. హెచ్.టి.ఎం.ఎల్. వరుస ఖాళీలను ఒక్కటిగా కుదిస్తుంది. కుదించకుండా నిలిపినా వాటి వెడల్పు ఫాంటుతో మారుతుంది.

పెట్టె వెడల్పును లెక్కించే తీరులోనూ బ్రౌజర్లు ఒకప్పుడు విభేదించాయి. 300 పిక్సెళ్ల వెడల్పు, ఇరుపక్కలా 20 చొప్పున లోపలి ఖాళీ, 1 చొప్పున అంచు ఉన్న పెట్టె ప్రమాణం ప్రకారం 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 దానిని 300కే పరిమితం చేసేది. 600 పిక్సెళ్ల పుటలో ఇటువంటి రెండు పెట్టెలు ఒకచోట ఇమిడేవి, మరొకచోట రెండవది కిందికి జారేది. బాక్స్-సైజింగ్‌కు బోర్డర్-బాక్స్ విలువ ఇస్తే ఈ చిక్కు తొలగుతుంది.

2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీలలోకి వచ్చిన గ్రిడ్ ఈ పనికి తగినది. పదాన్నీ దాని అర్థాన్నీ ఒకే అడ్డువరుసలో ఉంచితే ఆ వరుస ఎత్తును పొడవైన భాగం నిర్ణయిస్తుంది, కిందివి చెదరవు. పట్టిక కూడా ఇదే చేస్తుంది. పుటల రూపకల్పనకు పట్టికలను వాడరాదన్న నియమం ఇక్కడ వర్తించదు. ప్రతిపదార్థం స్వభావరీత్యా పట్టికే కదా! గ్రిడ్‌లో అలైన్-ఐటమ్స్‌కు సెంటర్ కాక బేస్‌లైన్ ఇవ్వాలి. లేకుంటే మూడు పంక్తుల అర్థం పక్కన పదం నడుమ తేలుతుంది.

తెలుగుకు ప్రత్యేకమైన సమస్య పంక్తి ఎత్తు. 'రాష్ట్రం' వంటి మాటలలో ఒత్తులు ఆధారరేఖకు చాలా దిగువకు పోతాయి. లైన్-హైట్‌ను నార్మల్‌గా వదిలితే విండోస్‌లోని గౌతమి, నిర్మలా యూఐ, ఆపిల్ యంత్రాలలోని కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లోని నోటో సాన్స్ తెలుగు తమ తమ కొలతలను అనుసరిస్తాయి. 1.6 వంటి ప్రమాణరహిత సంఖ్యను ఇస్తే పంక్తుల ఎడం అన్నిచోట్లా ఒకటే నిష్పత్తిలో ఉంటుంది. అధస్సూచికల అంకెలకు లైన్-హైట్‌ను సున్నా చేయాలి. లేనిచో అవి ఉన్న పంక్తి ఉబ్బుతుంది.

మూలపాఠంలో పదం, అర్థం, పదం, అర్థం అన్న క్రమం పాటించడం అన్నిటికంటె ముఖ్యం. ఫోను తెరపై ఒకే నిలువు వరుసగా మార్చినపుడు ప్రతి పదం కిందనే దాని అర్థం వస్తుంది. చూపులేని పాఠకునికి తెరచదువరి చదివి వినిపించే క్రమమూ అదే.