కౌలాస్ కథకు గొంతు కావాలి

పటం విప్పి పాడిన కథ నుంచి కామిక్ పేజీ దాకా: మన కథలు బొమ్మల్లోకి మారేటప్పుడు ఏం జరుగుతుంది?

తెలంగాణ సరిహద్దున, బిచ్కుందను ఆనుకుని ఉన్న జుక్కల్ మండలంలో కౌలాస్ కోట ఉంది. 1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే దాని రాజా దీప్‌సింగ్ మీద కుట్ర కేసు పడింది. తిరుగుబాటు నాయకుడు నానాసాహెబు తరఫున దక్కనులో మనుషుల్ని కూడగడుతున్న రంగారావుతో చేతులు కలిపాడన్నది అభియోగం. రంగారావును అండమాన్ పంపారు. దీప్‌సింగ్‌కు మూడేళ్ళ జైలు పడింది, జాగీరు చేజారింది. రహస్య మంతనాలు, పట్టివేత, తీర్పు... కామిక్‌కు పనికొచ్చే సరుకంతా ఇందులో ఉంది. అయితే గీయడానికి కూర్చున్నవాళ్ళకు కోట బురుజుల కంటే ముందు ఒక ప్రశ్న అడ్డం వస్తుంది. ఈ కథ ఎవరి నోట వినిపించాలి?

తెలంగాణ పటం కథలకు ఆ ఇబ్బంది లేదు. చేర్యాల ఊరి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రటి నేల మీద పురాణాన్ని వరుసలు వరుసలుగా గీస్తారు. వరుసకీ వరుసకీ మధ్య పూల అంచు. మూడడుగుల వెడల్పు గుడ్డ మీద కొన్ని కథలు అరవై అడుగుల దాకా సాగుతాయి. పటం చూపి కథ చెప్పేవాళ్ళలో కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. పటం వేలాడదీసి, ఒక్కో వరుసా విప్పుకుంటూ, బొమ్మను చూపిస్తూ పాడతారు. ఒకే వీరుడు ఒక వరుసలో ఊరు విడుస్తాడు, పక్క వరుసలో యుద్ధానికి దిగుతాడు. నడుమ జరిగినదంతా గాయకుడి గొంతులో ఉంటుంది. అందుకే పటంలో అక్షరం అక్కర్లేదు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ దాటెయ్యాలో ఎదుట కూర్చున్న జనాన్ని చూసి అతనే తేల్చుకుంటాడు.

ఆ పటాన్ని ముక్కలుగా ఫొటో తీసి పుస్తకం కుడితే మంచి ఆల్బమ్ అవుతుంది గానీ కామిక్ కాదు. గాయకుడు లేచి వెళ్ళిపోయాడు కదా. అతని పనిని మాటల బుడగలు, రెండు ప్యానెళ్ళ మధ్య వదిలిన తెల్లటి సందు పంచుకోవాలి.

ఈ పని నేను చూసినంతలో అందరికంటే గొప్పగా చేసిన పుస్తకం 2011లో నవయాన వేసిన 'భీమాయన'. అంబేడ్కర్ జీవితాన్ని పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం గీశారు. మనుషుల్ని పెట్టెల్లో బంధించడం ఇష్టంలేక, ఇంటి గోడల మీద వేసే డిగ్నా ముగ్గునే పేజీ విభజనకు వాడుకున్నారు. మెత్తని మాటకు పిట్ట ఆకారపు బుడగ. కులం అహంకారంతో విసిరిన మాటకు తేలు కొండి తోక. చదువు రాని పిల్లాడు కూడా ఏ మాట కుడుతుందో చూసి చెప్పగలడు.

తెలుగు చిత్రకారుల్లో బుజ్జాయి కథలో కథగా అల్లుకున్న పంచతంత్రాన్ని 1960లలో ఇంగ్లీషు పత్రిక ఇలస్ట్రేటెడ్ వీక్లీ పాఠకులకు వారం వారం ప్యానెళ్ళుగా విడదీసి అందించారు. బాపుది మరో దారి. ముళ్ళపూడి కథ 'సాక్షి'ని 1967లో సినిమా తీసేముందు ఆయన దాన్ని కాగితం మీద బొమ్మల వరుసగా గీసుకున్నారు. కథ బొమ్మలై, ఆ బొమ్మలు సినిమా అయ్యాయి. ఏ ముఖం దగ్గరగా కనపడాలో, ఎవరు ఫ్రేము అంచున నిలబడాలో అక్కడే ఖాయమైపోయింది.

మళ్ళీ కౌలాస్‌కు వద్దాం. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ పొరుగున ఉన్న ఈ సరిహద్దు నేలమీద తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బతుకుతాయి. దీప్‌సింగ్ కథలో పాత్రలన్నీ పాఠ్యపుస్తకం తెలుగులో మాట్లాడితే కోట ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు. రంగారావు మాట మరాఠీ యాసతో రావాలి. దర్బారులో ఉర్దూ మర్యాద వినపడాలి. కోట గుమ్మం దగ్గర గుర్రానికి గడ్డి వేసేవాడు ఇక్కడి తెలుగులోనే గొణుక్కోవాలి. నన్నడిగితే కథ చెప్పాల్సింది అతనే. రాజు లోపల ఏం మాట్లాడాడో అతనికి తెలియదు. ఎవరు ఏ రాత్రి వచ్చారో, ఏ గుర్రం చెమటతో తిరిగొచ్చిందో తెలుసు. చరిత్రలో ఖాళీగా మిగిలిన సంభాషణల్ని మనం కల్పించకుండా అతను కాపాడతాడు. తీర్పు పేజీలో బుడగే వద్దు. బోడి గోడ, తెరిచిన గుమ్మం, బయటికి వెళ్తున్న మనుషుల వీపులు చాలు.

ఈ కౌలాస్ కామిక్ హైదరాబాదు స్టూడియోలో మొదలవ్వాల్సిన పని లేదు. బిచ్కుంద, జుక్కల్ బడుల్లో నోటుపుస్తకం వెనక పేజీలు బొమ్మలతో నింపే పిల్లలు ఉంటారు. వాళ్ళను ఒక పూట కోటకు తీసుకెళ్ళి, ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళ చేత కథ చెప్పించాలి. పెన్సిలు ఆ తర్వాత ఇవ్వచ్చు.