షాట్ ఇద్దామా, చేసి చూద్దామా?

‘గివ్ ఇట్ ఎ షాట్’ అన్న మాట అనువాదం పేపర్లో వస్తే ఏం రాస్తాం? ‘దానికి ఒక షాట్ ఇవ్వు’ అని రాస్తే కరెంటు షాక్ గుర్తొస్తుంది. ఇక్కడ షాట్ అంటే గురిపెట్టి కొట్టే దెబ్బ. తగలొచ్చు, తగలకపోనూ వచ్చు. మనవాళ్లు దీన్నే ‘ఒక రాయి వేసి చూడు’ అంటారు. తుపాకీ బదులు రాయి, అంతే.

‘హ్యావ్ ఎ గో’, ‘టేక్ ఎ స్టాబ్’, ‘గివ్ ఇట్ ఎ వర్ల్’ అన్నీ ఆ కోవలోవే. ‘లాంగ్ షాట్’ మాత్రం వేరు. దూరం నుంచి కొట్టేది కాబట్టి తగిలే ఆశ తక్కువ. దానికి మనకి ‘వస్తే కొండ, పోతే వెంట్రుక’ ఉండనే ఉంది.

ఇంగ్లీషు ఇన్ని మాటలతో చెప్పేదాన్ని మనం ఒక్క ‘చూడు’తో చెప్పేస్తాం. తిని చూడు, అడిగి చూడు, వేసుకుని చూడు. కన్నడం అమ్మాయిలు ‘మాడి నోడు’ అంటారు, తమిళం వాళ్లు ‘సెంజు పారు’ అంటారు. అందరూ కంటితోనే ప్రయత్నిస్తున్నారన్నమాట!

అయితే ఇందులో ఒక చిక్కుంది. ‘ఐ ట్రైడ్ టు లిఫ్ట్ ది బాక్స్’ అన్నదాన్ని ‘పెట్టె ఎత్తి చూశాను’ అని రాస్తే మార్కులు పోతాయి. ఎత్తి చూశాను అంటే పెట్టె లేచినట్టే లెక్క. ‘చూడు’ చేరితే పని జరిగిపోతుంది, ఫలితం ఒక్కటే తేలాలి. లేవని పెట్టెకి ‘ఎత్తబోయాను’ అనో, ‘ఎత్తడానికి ప్రయత్నించాను’ అనో రాయాలి. ‘ట్రైడ్ లిఫ్టింగ్’ అని ఉంటే అప్పుడు ‘ఎత్తి చూశాను’ సరిపోతుంది.

‘గివ్ హర్ ఎ చాన్స్’కీ ఇదే సాయం: ‘ఆ అమ్మాయికి ఒక్క అవకాశం ఇచ్చి చూడండి’. ‘బెనిఫిట్ ఆఫ్ ది డౌట్’ దగ్గర కొంచెం ఆగాలి. అది కోర్టులో మాట. నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాకపోతే ముద్దాయిని వదిలేస్తారు, తెలుగు పేపర్లు ‘సంశయ లాభం’ అని రాస్తాయి. ఆలస్యంగా వచ్చిన స్నేహితురాలికి సంశయ లాభం ఇవ్వమంటే నవ్వుతారు. ‘ఏం ఇబ్బంది వచ్చిందో పాపం, అప్పుడే తప్పు పట్టకు’ అంటే చాలు.

ఇక ఫైనలియర్ వాళ్లకి ఒక మాట. మన దగ్గర పెళ్లికి పిలిస్తే ‘ట్రై చేస్తానండీ’ అనడం చాలాసార్లు మర్యాదగా రాననడమే. ఇంటర్వ్యూలో ఉత్త ‘ఐ విల్ ట్రై’ కూడా అలాగే వినిపిస్తుంది. ‘ఐ విల్ గివ్ ఇట్ ఎ షాట్’ స్నేహితుల మధ్య బాగుంటుంది గానీ అక్కడ మరీ చనువు. ‘ఐ హ్యావ్ నాట్ డన్ ఇట్ బిఫోర్, బట్ ఐ వుడ్ లైక్ టు ట్రై’ అనండి. ‘ఇంతకుముందు చెయ్యలేదు, చేసి చూస్తాను మేడమ్’ అనడంలోని ధీమా అందులో వినిపిస్తుంది.