పడవ మీది గొంతు ఎంత దూరం పోతుంది?

తిరుపతి జిల్లాకు సముద్రం ఉందంటే కొండకు వచ్చే యాత్రికుల్లో చాలామంది నమ్మరు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, తడ, వాకాడు వంటి మండలాలు ఇటు వచ్చాయి. వాటితోపాటే పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి, తూపిలిపాలెం, దుగరాజపట్నం లాంటి తీరపల్లెలూ కలిశాయి. ఈ పల్లెల జాలర్లు వేటకు వెళ్లేది ఎక్కువగా చిన్న ఫైబర్ బోట్లలోనే. పెద్ద మరబోట్లకున్నట్టు వాటికి క్యాబిన్ ఉండదు, ఎత్తైన స్తంభమూ ఉండదు.

ఒడ్డు విడిచి పది పన్నెండు కిలోమీటర్లు పోయేసరికి సెల్‌ఫోన్ మూగబోతుంది. చేపలు ఆ గీతకు ఇవతలే ఉండవు. అక్కడ ఇంజన్ ఆగినా, గాలి తిరిగినా, పక్క మనిషికి ప్రాణం మీదికి వచ్చినా కబురు అందించాల్సింది రేడియో ఒక్కటే.

సముద్రంలో మాట్లాడుకోవడానికి ప్రపంచమంతా వాడే రేడియో మెరైన్ వీహెచ్ఎఫ్. దాని తరంగాలు 156 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటాయి. ఆపదలో పిలవాల్సిన 16వ చానల్ 156.8 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. చేతిలో పట్టే సెట్టు శక్తి అయిదారు వాట్లు. బోటుకు బిగించే సెట్టుది 25 వాట్లు. అయిదు రెట్లు శక్తి ఉంది కాబట్టి అయిదు రెట్లు దూరం పోతుందని కొనేవాళ్లు ఆశపడతారు. అలా పోదు.

కారణం భూమి వంపు. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు తిన్నగా సాగుతుంది. గాలి పొరల వల్ల కాస్త కిందికి వంగి, కంటికి కనిపించే దిగంతం కన్నా కొంచెం ముందుకు వెళ్తుంది, అంతే. ఆ హద్దు తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు: యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. అవతలి యాంటెన్నాకూ అలాగే లెక్కగట్టి రెండూ కలపాలి. బోటులో కూర్చున్న మనిషి చేతిలోని సెట్టు నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే దాని చూపు అయిదు కిలోమీటర్లు. ఎదుటి బోటులోనూ అంతే ఎత్తయితే ఇద్దరి మధ్యా పది కిలోమీటర్లు. అది దాటాక వాట్లు పెంచితే అంచున కొంత లాభం ఉంటుంది గానీ, సముద్రపు గోడను అవి తొలచలేవు.

అదే యాంటెన్నాను నాలుగు మీటర్ల గడ మీదికి ఎక్కిస్తే ఒక్కో బోటు చూపు ఎనిమిది కిలోమీటర్లు దాటుతుంది. ఇద్దరి మధ్యా పదహారు. లెక్కలో వర్గమూలం ఉండటం చిన్న బోటుకు పెద్ద వరం. ఒక మీటరు నుంచి నాలుగు మీటర్లకు వెళ్తే దూరం రెట్టింపవుతుంది. నాలుగు నుంచి ఎనిమిదికి పెంచితే సగం కూడా పెరగదు. అంటే మొదటి మూడు నాలుగు మీటర్లే అన్నిటికన్నా విలువైనవి, వాటికయ్యే ఖర్చు ఒక గడ ఖరీదు.

ఎత్తు ఎంత పని చేస్తుందో తిరుమల కొండను తలచుకుంటే తెలుస్తుంది. కొండ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. లెక్క ప్రకారం అక్కడి యాంటెన్నాకు దిగంతం 120 కిలోమీటర్లు. నాలుగు మీటర్ల గడ ఉన్న బోటును కలిపితే 128. తూర్పు తీరం అక్కడికి వంద కిలోమీటర్ల లోపే. దారిలో ఏదీ అడ్డు రాకపోతే, తీరం నుంచి పాతిక కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న చిన్న బోటు మాట కాగితం లెక్కలో కొండ మీదికి వినిపించాలి. కొండ మీద ఎవరూ అలాంటి కేంద్రం పెట్టనక్కర్లేదు. తీరంలో 64 మీటర్ల టవర్ నిలిపినా దాని చూపు 33 కిలోమీటర్లు. గడ ఉన్న బోటుతో 41 కిలోమీటర్ల దాకా మాట్లాడొచ్చు. బోటు మీద ఎత్తు పెంచితే ఆ ఒక్క బోటుకే మేలు, ఒడ్డు మీద పెంచితే ఊళ్లోని ప్రతి బోటుకూ మేలు. చిన్న జాలరి కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టాల్సింది ముందుగా ఇక్కడే.

గడ నిలిపినంత మాత్రాన పని అయిపోదు. సెట్టు నుంచి యాంటెన్నా దాకా వెళ్లే కేబుల్ చాలా శక్తిని మింగేస్తుంది. బజారులో చవకగా దొరికే సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ పది మీటర్లు వేస్తే, 25 వాట్లలో మూడో వంతుకు పైగా దారిలోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. కొసన బిగించే కనెక్టర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఉప్పునీటి తుంపర లోపలికి దిగితే రాగి పచ్చబడుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, సెట్టు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, మాట మాత్రం ఒడ్డుకు చేరదు. టంకం బాగా పెట్టి, నీరు దిగకుండా సాగే టేపు చుట్టడం ఒక గంట పని.

యాంటెన్నా ఎంపికలోనూ చిన్న బోటుకు వేరే న్యాయం ఉంది. 156.8 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ, అందుకే అర తరంగ యాంటెన్నా సుమారు మీటరు ఉంటుంది. ఇనప ఓడ మీద పావు తరంగం కడ్డీ చాలు, ఎందుకంటే మిగతా సగం పని ఓడ ఇనుమే చేస్తుంది. ఫైబర్‌కు ఆ గుణం లేదు కాబట్టి ఈ బోట్లకు అర తరంగం రకమే సరైనది. ఇక ఎక్కువ డెసిబెల్ అని రాసిన పొడుగు యాంటెన్నాలు శక్తిని కొత్తగా పుట్టించవు. బూరను పైనుంచి అదిమితే పక్కలకు ఉబ్బినట్టు, ఉన్న శక్తినే దిగంతం వైపు పల్చగా పరుస్తాయి. పెద్ద ఓడ అంతగా ఊగదు కాబట్టి దానికి అది లాభం. అలల మీద అటూ ఇటూ వాలే చిన్న బోటు నుంచి ఆ పల్చటి పొర ఒకసారి ఆకాశంలోకి, ఒకసారి నీళ్లలోకి పోతుంది. చిన్న బోటుకు 3 డెసిబెల్ యాంటెన్నాయే నమ్మదగినది.

25 వాట్లతో మాట్లాడేటప్పుడు సెట్టు అయిదారు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ తీగ సన్నమైతే వోల్టేజి పడిపోయి, సరిగ్గా మాట్లాడే క్షణంలోనే సెట్టు నీరసిస్తుంది. చేతి సెట్టు వాడేవాళ్లు లేచి నిలబడి, యాంటెన్నాను నిటారుగా, ఒంటికి దూరంగా పట్టుకోవాలి. నడుముకు తగిలించుకుని మాట్లాడితే సగం తరంగాన్ని ఒళ్లే తాగేస్తుంది. గరగర శబ్దాన్ని అణిచే స్క్వెల్చ్ మీట ఎక్కువ తిప్పి పెడితే, దూరం నుంచి వచ్చే బలహీనమైన పిలుపు కూడా ఆ శబ్దంతోపాటే అణిగిపోతుంది. ఆపద కబురు కోసం వింటున్నవాళ్లు గరగరను భరించాలి.

అప్పుడప్పుడు లెక్కలన్నీ తప్పుతాయి. వేసవిలో నేల మీది వేడి పొడిగాలి సముద్రపు చల్లటి తడిగాలి మీదికి పరుచుకున్నప్పుడు, కింది తడిగాలి పొరలో రేడియో తరంగం చిక్కుకుని వందల కిలోమీటర్లు వెళ్లిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయిలోని 200 మెగాహెర్ట్జ్ రాడార్‌కు వెయ్యి మైళ్లకు అవతలి అరేబియా తీరం కనిపించింది ఈ కారణం వల్లే. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఇలాంటి గాలి పొరలనే చదువుతుంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్‌కు 1024 యాంటెన్నాలున్నాయి. అయితే ఆ గాలి దారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో జాలరి చేతిలో లేదు. ప్రాణాన్ని దాని మీద పెట్టకూడదు.

దిగంతం దాటాల్సి వస్తే దారి ఆకాశంలోంచే. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లు ఎందరో అప్పటికే లోతు సముద్రంలో ఉన్నారు. హెచ్చరిక పుట్టింది గానీ వాళ్లకు చేరే దారి లేదు. ఆ విషాదం తర్వాత ఉపగ్రహాల మీద పని వేగం పుంజుకుంది. 2019 అక్టోబరులో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి జెమిని పరికరాన్ని తెచ్చాయి. విమానాలకు దారి చూపే గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను కబుర్లు, చేపలుండే చోట్లు జాలరి ఫోన్‌కు చేరతాయి. కానీ అది వినడానికే, తిరిగి చెప్పడానికి కాదు. ఆపద కబురు పంపే ఇస్రో పరికరం డాట్ 2010 నుంచే వాడుకలో ఉంది. కబురు అందిందన్న జవాబు కూడా తిరిగి వచ్చే రెండో తరం డాట్‌ను 2024 జనవరిలో ఇస్రో ప్రకటించింది. నడిసముద్రంలో ఉన్న మనిషికి ఆ జవాబే సగం ధైర్యం.

రెండు వైపులా రాతకబుర్లు నడిపే ట్రాన్స్‌పాండర్ల పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. 364 కోట్ల రూపాయలతో లక్ష బోట్లకు ఉచితంగా అమర్చాలన్నది లక్ష్యం. సరిహద్దు దగ్గరపడితే అది హెచ్చరిస్తుంది కూడా. 2018లో గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరని శ్రీకాకుళం జాలర్ల కుటుంబాలకు ఆ హెచ్చరిక విలువ చెప్పనక్కర్లేదు. ఈ ట్రాన్స్‌పాండర్ల సేవకు ఆధారమైన జీశాట్-6 ఉపగ్రహం కూడా 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచే ఎగిరింది. రాకెట్ ఎగిరే రోజున వేట మానుకుని ఒడ్డున ఉండిపోయే ఈ పల్లెలకు ఆ సేవ ముందుగా అందాలి.

ట్రాన్స్‌పాండర్ వచ్చినా వీహెచ్ఎఫ్ అవసరం తీరదు. మునుగుతున్న బోటును ముందుగా చేరేది అయిదు మైళ్ల అవతల వల వేస్తున్న పక్క ఊరి బోటు. దానికి వినిపించేది 16వ చానల్‌లో ఆపద సంకేతమైన ‘మేడే’ను మూడుసార్లు పలికే గొంతే. అందుకే ఆ చానల్‌ను కబుర్లతో నింపకుండా ఖాళీగా ఉంచాలి. ఒడ్డున ఉన్నవాళ్లకు అనుమానం వస్తే తీర రక్షక దళం నంబరు 1554.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు ఇసుక మీదికి ఎక్కుతాయి, ఇంజన్లు విప్పుతారు, వలలు కుడతారు. యాంటెన్నా గడ నిలపడానికీ, కేబుల్ మార్చడానికీ, కనెక్టర్లు విప్పి చూడటానికీ అదే అదను. నిషేధం తీరి మొదటి వేటకు కదిలినప్పుడు రెండు బోట్లు ఒకదానికొకటి దూరం జరుగుతూ, జీపీఎస్ చూసుకుంటూ, పిలుపు ఎక్కడ తెగుతుందో రాసి పెట్టుకోవాలి. ఆ అంకె పదహారు కిలోమీటర్ల దగ్గరుంటే గడ తన పని చేస్తున్నట్టే. ఏడెనిమిది దగ్గరే ఆగిపోతే ముందుగా కనెక్టర్లు విప్పి చూడాలి.