పుస్తకములకు టపా రుసుము

ఒక గ్రంథమును పలుదేశములవారు పంచుకొని చదువుట సాధ్యమా యనువారికి 2001లో అమెరికాయందు వెలసిన బుక్‌క్రాసింగు పాఠకసంఘమే నిదర్శనము. అందొక పద్ధతి కలదు. చదువగోరువారి పేర్లు వరుసగా వ్రాసికొందురు; చదివినవారు తరువాతివారికి టపాలో పంపుదురు; పుస్తకము దేశములు తిరిగి తుదకు స్వంతదారును చేరును. నమ్మికయే దీనికి మూలధనము. టపాఖర్చు మాత్రము పంపువారిదే.

ఆ ఖర్చే మనకు చిక్కు. చౌకగానుండిన ముద్రితగ్రంథముల రిజిస్టరు టపా 2024 డిసెంబరులో రద్దయ్యెను. 2025 మే 1న ఆరంభమైన జ్ఞాన్ పోస్టున 300 గ్రాములకు 20 రూపాయలు మొదలు 5 కిలోలకు 100 రూపాయలవరకు రుసుము నిర్ణయించిరి. ఇది హర్షణీయమే; గాని దేశపుటెల్లలు దాటదు. ద్వీపాంతరములందలి తెలుగు సోదరులతో మనమొక గ్రంథమును త్రిప్పుకొని చదువవలెనన్న నిట్టి అల్పరుసుము విదేశములకును వర్తింపవలయును. ప్రభుత్వమిందుకు జాగుచేయరాదని మేము కోరుచున్నాము.